చీర మార్చే వేళ గుట్ట మాత గుడిలో

ప్రియ సహోదరీ సహోదరులారా, నా పేరు ఆరోగ్యం, నగరిలో మరమగ్గాల షెడ్డులో కండెలు చుట్టేదాన్ని, చిన్నప్పటి నుంచీ శనివారాలు ఈ గుట్ట మాత గుడికి నడిచి వచ్చిన నేను మూడేళ్లపాటు ఈ తల్లి ముఖం చూడలేదు.

తొంభైల చివర్లో మా ఐదేళ్ల నిర్మలకు మెదడువాపు జ్వరం వచ్చింది. తిరుపతి పెద్దాసుపత్రిలో డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. బిడ్డను నా భర్తకు అప్పగించి, చెప్పులు లేకుండా ఈ గుట్టెక్కి, నా పెళ్లి చీర తల్లి పాదాల దగ్గర పెట్టి, "అమ్మా, నా బిడ్డను నాకియ్యి" అని ప్రార్థించాను. మరునాడు పొద్దున్నే బిడ్డ పోయింది.

ఆ తర్వాత జపమాలను పెట్టెలో పడేశాను, పొయ్యి వెలిగించడం మానేశాను, నా భర్త హోటల్లో ఇడ్లీ తిని మగ్గానికి పోయేవాడు, నాకు కన్నీళ్లు కూడా రాలేదు, కోపమే మిగిలింది. ఒకరోజు పక్కింటి పాప మా గడపలో ఆడుకుంటూ నవ్వితే చెంప మీద కొట్టాను. ఆ పిల్ల ఏడుపు విని నన్ను చూసి నేనే భయపడ్డాను. తల్లితో తేల్చుకోవాలని అప్పటికప్పుడు గుట్టెక్కాను.

మధ్యాహ్నం, జనం లేరు. తల్లికి చీరలు మార్చే అంతోనమ్మవ్వ ఒక్కతే ఉంది.

"నా చీర నాకిచ్చేయి అవ్వా. ఈమె నా మాట ఇనలేదు" అన్నాను.

అవ్వ కోప్పడలేదు. "ఈ కొంగు పట్టుకో అమ్మీ" అని తల్లికి కట్టిన పట్టుచీర విప్పింది. ఎప్పుడూ చీరలూ పూలమాలలూ కప్పి ఉంటాయి కాబట్టి ఇన్నేళ్లూ వరుసలో నిలబడి నేను చూసింది ఆమె ముఖాన్నే. ఇప్పుడు ఒడి కనబడింది. సిలువ మీద నుంచి దించిన కొడుకు ఆ ఒడిలో చనిపోయి ఉన్నాడు.

"ఈ గుడి ఎవురు కట్టినారనుకుంటివి?" అంది అవ్వ. "రోగాలు నయమైనోళ్లు కాదు. మా జేజి కాలంలో కలరా వచ్చి నేతోళ్ల ఇండ్లల్లో పిల్లోళ్లు పోయినారు. ఆ తల్లులే రాళ్లు మోసి ఈడ గుడిసె ఏసినారు. తమ మాదిరే ఏడ్చిన తల్లి పక్కన కూసోవల్లని."

మూడేళ్లకు నాకు కన్నీళ్లు వచ్చాయి. "అమ్మా, నా బిడ్డను నీ కొడుకు దగ్గర పెట్టుకో" అన్నాను, అంతకు మించి ప్రార్థన రాలేదు. దిగుతూ ఫాదరుగారి దగ్గర నా తప్పులు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసి, నేరుగా పక్కింటికి పోయి ఆ పాపను దగ్గరకు తీసుకుని ఏడ్చాను. ఆ రాత్రి మా ఇంట్లో అన్నం వండాను, నా భర్త రెండుసార్లు పెట్టించుకున్నాడు.

ఇప్పుడు గుడిసె పోయి పెద్ద గుడి వచ్చింది, శనివారాలు చిత్తూరు నుంచీ తిరుత్తణి వైపు నుంచీ బస్సులు నిండి వస్తాయి, సెప్టెంబరు పండుగకు తేరు లాగుతాం, హిందువులు టెంకాయలు తెస్తారు, టౌను నుంచి ముస్లిం ఆడవాళ్లు వచ్చి బిడ్డలు కలగాలని ఊయలలు కడతారు. అవ్వ కాలం చేసింది కాబట్టి చీరలు మార్చే పని నాకిచ్చారు, ఏడ్చేవాళ్లు కనబడితే పని ఆపి పక్కన కూర్చుంటాను.

సహోదరులారా, నా బిడ్డ తిరిగి రాలేదు, కానీ దేవుడు నన్ను తిరిగి తెచ్చాడు, మహిమంతా ఆయనదే. మీలో ఎవరైనా ఆయన మీద కోపంతో గుట్ట కిందే ఆగిపోయి ఉంటే ఆ కోపంతోనే పైకి రండి, మంచి మాటలు వెతుక్కోనక్కరలేదు, నేనూ పోట్లాడటానికే వచ్చాను.