మైకులో నా బరువు

నిన్న సాయంత్రం భీమిలి రోడ్డు బీచ్‌లో మీరెవరైనా ఉన్నారా? లేరు కదా? హమ్మయ్య! ఉన్నవాళ్ళందరికీ ఇప్పుడు నా బరువెంతో తెలుసు. మురీ మిక్చర్, అదే మసాలా మరమరాలు, అమ్మేవాడితో సహా! మైకులో చెప్పారు మరి. సరే, ఎవరి నోటో వినేకంటే నా నోటే వినండి. ముందు ఆ టీ ఇలా ఇవ్వండి.

నా ఉద్యోగం మీకు తెలిసిందే. అచ్యుతాపురంలో ఒక కంపెనీ గేటు దగ్గర వే బ్రిడ్జ్ చూస్తాను. లారీ ఎక్కుతుంది, బరువు చూపిస్తుంది, స్లిప్ ఇచ్చి పంపిస్తాను. ఖాళీ లారీ బరువు టేర్, లోడుతో బరువు గ్రాస్. ఏళ్ళ తరబడి ఇదే పని. ఒక చక్రం ప్లాట్‌ఫాం అవతల ఆపేవాడు, ఖాళీ తూకం అయ్యాక డీజిల్ ట్యాంకు నింపుకునేవాడు, అందరినీ చూశాను. దొరికినవాడికి క్లాసు పీకందే వదలను. "తూకం దగ్గర అబద్ధమాడితే ఎక్కడికి పోతావయ్యా?" అని అరగంట పీకుతాను.

అలాంటి నేను నలభై దాటాక వింగ్ ఫాయిలింగ్ మొదలుపెట్టాను. నవ్వకండి! కాళ్ళ కింద ఒక బోర్డు. దాని అడుగున నీళ్ళలోకి ఒక కడ్డీ, కడ్డీ చివర బుల్లి విమానంలాంటి రెక్క. మన చేతుల్లో గాలి కొట్టిన ఇంకో పెద్ద రెక్క, దాన్నే వింగ్ అంటారు. వింగ్‌ని గాలి లాగుతుంది, స్పీడు అందుకోగానే బోర్డు మొత్తం నీళ్ళ మీంచి పైకి లేస్తుంది. ఇక చప్పుడుండదు, కుదుపుండదు. మొదటిసారి లేచినప్పుడు నాకు ఏడుపొచ్చేసింది, నిజం. రోజంతా లారీ హారన్ల మధ్య ఉండేవాడికి ఆ నిశ్శబ్దం ఎంత హాయో ఏం చెప్పను!

హాయి బాగానే ఉంది, బ్యాచ్‌తోనే వచ్చింది చిక్కు. మా క్లబ్‌లో రెండు బ్యాచ్‌లు. ఒకటి బిగినర్స్, అలలు తక్కువున్న మూలలో తిరుగుతుంది. రెండోది అలల బ్యాచ్. బిగినర్స్‌లో నేను తప్ప మిగతావాళ్ళంతా ఏడో క్లాసు, ఎనిమిదో క్లాసు గుంటలు. "అంకుల్, మీరు పడేముందు చెప్పండి, మేం కొంచెం దూరంగా ఉంటాం" అంటాడొకడు. "అంకుల్ పడితే వేవ్ వస్తది రా" అంటుంది ఇంకొకతి. వాటర్ బాటిల్ మూత తీసిపెట్టమంటారు, చెప్పులకి కాపలా పెడతారు. ఒకరోజు పేరెంట్స్ మీటింగ్‌కి కూడా రమ్మన్నారు! ఎలాగైనా అక్కడినుంచి బయటపడి అలల బ్యాచ్‌లోకి పోవాలి. నాకిప్పుడు ఇంతకు మించి కోరిక లేదు.

మా కోచ్ హేమలత భీమిలి అమ్మాయి. మెడలో విజిల్, చేతిలో హ్యాండ్ మైకు. మొన్న శుక్రవారం పిలిచి, "అప్పారావు గారూ, ఆదివారం ట్రయల్‌కి రండి. అలలు విరిగే చోటు దాటి లోపలికెళ్ళాలి, ఒక అల పట్టుకుని ఒడ్డుకి రావాలి. మీ అంతట మీరే రావాలి. బోటు పంపించి తెచ్చుకోవాల్సొస్తే మాత్రం ఈ సీజనంతా పిల్లల్తోనే" అంది. నైరుతి గాలి ఉన్నన్నాళ్ళే సీజను. అంటే ఇప్పుడు తప్పితే మళ్ళీ వచ్చే ఏడాదే. నాకు రెండు రోజులు సరిగ్గా నిద్ర లేదు.

నిన్న ఆదివారం మా ఆవిడ అన్నయ్య సూరిబాబు బావ కూడా చూద్దామని కూర్మన్నపాలెం నుంచి వచ్చాడు. రావద్దని చెప్తే ఇంకా తొందరగా వచ్చే రకం. వస్తూనే కాల్చిన మొక్కజొన్న పొత్తు ఒకటి కొనుక్కుని, ఫోన్ బయటికి తీసి, "వీడియో తీత్తాను బావా, నువ్వు బేగి ఎల్లు" అన్నాడు.

ట్రయల్‌కి వచ్చినవాళ్ళం నలుగురం. హేమలత అందర్నీ నిలబెట్టి చెప్పింది.

"అలల్లో పెద్ద వింగ్ మీద ఆశ పెట్టుకోకండి. లోపలికెళ్ళేదాకా మిమ్మల్ని లేపేది వింగ్. అల దొరికాక మోసేది అల. అప్పుడు వింగ్‌తో పని లేదు, ఒక్క చేత్తో ఊరికే పట్టుకుని వెనక్కి ఒగ్గేయాలి, వదిలేయాలన్నమాట. పెద్దదైతే ఒగ్గినా ఊరుకోదు, మిమ్మల్ని లాక్కుపోతది, కొస నీళ్ళకి తగిలి పడేస్తది. అందుకని చిన్నదే మంచిది. మరీ చిన్నదైతే అసలు నీళ్ళలోంచి లేవనే లేవరు. ఎంత చిన్నదో తేల్చేది మీ బరువు. నిజం చెప్పండి. అది తప్పు చెప్తే ఇంక నేనేం చెప్పినా వేస్ట్."

ముందు మూర్తి గారు. కాకినాడ వైపు నుంచి వచ్చిన బ్యాంకు ఆఫీసరు. నా వయసే. పొట్ట అన్నది లేదు. "అరవై ఎనిమిదండి" అన్నారు, ఎంసెట్‌లో ర్యాంకు చెప్తున్నట్టు. తర్వాత ఇద్దరు అమ్మాయిలు. వాళ్ళ బరువులు నా ఒక్క కాలికి కూడా రావు.

నా వంతు వచ్చింది. నేను ఊపిరి బిగపట్టి పొట్ట లోపలికి లాగాను. నోరు దానంతటది తెరుచుకుంది.

"ఎనభై."

సూరిబాబు బావకి మొక్కజొన్న గింజ గొంతులో అడ్డంపడింది. దగ్గుతూనే, "ఏటి బావా, ఒక కాలే తూకమేసినావేటి?" అన్నాడు.

నేను కళ్ళెర్రజేశాను. అయినా అది పూర్తిగా అబద్ధమేం కాదు. పెళ్ళినాటికి నేను ఎనభయ్యే! కోచ్ గ్రాస్ అడిగితే నేను టేర్ చెప్పాను, అంతే.

హేమలత నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. "కరెక్టేనా?"

"కరెక్టే మేడమ్. మా పనే తూకాలు."

నాలుగు మీటర్ల వింగ్, దానికి తగ్గ చిన్న బోర్డు ఇచ్చింది. "సాయం కావాలంటే రెండు చేతులూ తల మీద అడ్డంగా ఊపండి, బోటు వస్తది" అని కూడా చెప్పింది. ఆ మాట నాకు అక్కర్లేదనుకున్నాను.

నీళ్ళలోకి దిగాను. విరిగే అలలు మొహం మీద కొడుతుంటే గుండెల లోతు దాకా నడిచి, అక్కడినుంచి బోర్డు తోసుకుంటూ ఈది, ఎలాగో అవతలికి చేరాను. సగం పని అయిపోయిందనుకున్నాను. బోర్డు మీదికెక్కి మోకాళ్ళ మీద కూర్చున్నాను. బోర్డు కనబడలేదు! కిందికి చూస్తే నీళ్ళలో నా మోకాళ్ళ కింద ఉంది. లేచి నిలబడ్డాను. ఇంకాస్త దిగింది. ఒడ్డునుంచి చూసేవాళ్ళకి నడి సముద్రంలో ఒక మనిషి నీళ్ళ మీద నిలబడి విసనకర్ర ఊపుకుంటున్నట్టుంటుంది.

ఊపాను మరి! గాలి తక్కువైనప్పుడు వింగ్‌ని ఊపితే కొంచెం స్పీడు వస్తుంది. ఊపాను, ఊపాను, భుజాలు ఊడేదాకా ఊపాను. నాలుగు మీటర్ల వింగ్ పాపం తన శక్తికొద్దీ లాగింది. నేను లేస్తే కదా! ఇంతలో మూర్తి గారు నా పక్కనుంచే సర్రున వెళ్ళిపోయారు, నాకంటే చిన్న వింగ్‌తో. "గాలి భలే ఉందండీ!" అని కూడా అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

లేవకపోతే లేవకపోయాను, ఉన్నచోట ఉండొచ్చు కదా? గాలీ, నీళ్ళూ కలిసి నన్ను మెల్లగా భీమిలి వైపు తోసుకుపోతున్నాయి. హేమలత విజిల్ వేసింది. చేతులు ఊపితే బోటు వస్తుంది. బోటు వస్తే మళ్ళీ గుంటల చెప్పులకి కాపలా. నేను బొటనవేలు పైకెత్తి చూపించాను, అంతా ఓకే అని. చూపించగానే పడ్డాను. లేచి మళ్ళీ చూపించాను.

ఒడ్డు మీద హేమలత నాతోపాటు నడవడం మొదలుపెట్టింది. ఆవిడ వెనక ఫోన్ పైకెత్తుకుని సూరిబాబు బావ. బావ వెనక ఎవరో పిక్నిక్కి వచ్చిన ఫ్యామిలీ. ఆ ఫ్యామిలీ వెనక తన స్టాండు భుజాన వేసుకుని మురీ మిక్చర్ వాడు, జనం ఎటు పోతే బేరం అటే కదా. నేను నీళ్ళలో, వాళ్ళు ఇసకలో, అందరం భీమిలికి ఊరేగింపుగా బయల్దేరాం!

అప్పుడు మైకు కరకరమంది.

"అప్పారావు గారూ! గాలి బానే ఉంది, వింగ్ బానే ఉంది. మీ బరువెంత?"

బీచ్ బీచంతా నావైపు తిరిగింది.

"ఈసారి నిజం చెప్పండి! వినబడదు, వేళ్ళతో చూపించండి!"

ఏం చెయ్యను? ఇంకాసేపు నోరు మూసుకుంటే ఆవిడే బోటు పంపించేలా ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నాళ్ళూ లారీ డ్రైవర్లకి చెప్పిన నీతులన్నీ అలలుగా వచ్చి నా మొహాన కొట్టినట్టనిపించింది. వింగ్ ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి పైకెత్తాను. ముందు అయిదు వేళ్ళు. తర్వాత నాలుగు. కాస్త ఆగి, ఒకటి.

ఒడ్డున జనం గట్టిగా లెక్కపెట్టారు. "అయిదూ... నాలుగూ... ఒకటీ!"

"ఓలమ్మా! ఐదొందల నలబై ఒకటా!" అని సూరిబాబు బావ కేక మైకు లేకుండానే నాదాకా వచ్చింది.

"తొంభై ఒకటి!" అని హేమలత మైకులో తేల్చింది. "తొంభై ఒక్క కేజీలు! ముందే చెప్పొచ్చు కదండీ! ఆ వింగ్‌తో ఇవాళ మీరు లేవరు. మోకాళ్ళ మీద కూర్చుని మెల్లగా ఒడ్డువైపు తిరగండి. అల తెస్తది."

అల తెచ్చింది. తెచ్చి, రెండు పల్టీలు కొట్టించి, నోటినిండా ఇసకతో ఆ మురీ మిక్చర్ వాడి కాళ్ళ దగ్గర పెట్టింది. "సార్‌కి ఉల్లిపాయ ఎక్కువేసి ఇమ్మంతారా?" అన్నాడు వాడు.

బోర్డు చంకలో, వింగ్ నెత్తిన పెట్టుకుని ఆ దూరమంతా వెనక్కి నడిచాను. దారిలో నన్ను చూసి ఒకాయన మర్యాదగా పక్కకి జరిగి తొంభై ఒకటికి దారిచ్చాడు. సూరిబాబు బావ బోర్డు రెండో కొస పట్టుకుని, "పోన్లే బావా, బోటు రానేదు కదా. నీ అంతట నువ్వే ఒచ్చినావు. ఇంకోపాలి అడుగు, పోయిందేటుంది" అన్నాడు. ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. ఎంత ఏడిపించినా బావ బావే.

అడిగాను. హేమలత నవ్వాపుకుంటూ క్లబ్ షెడ్డులోకెళ్ళి పెద్ద బోర్డూ, అయిదున్నర మీటర్ల వింగూ తెచ్చింది. "ఇదే ఆఖరు ఛాన్స్. లేవడానికే దీని బలం వాడండి. అల మీదికి రాగానే ఒగ్గేయండి, గుర్తుంది కదా?"

ఈసారి బోర్డు నీళ్ళ పైనే ఉంది! నిలబడి వింగ్ రెండుసార్లు ఊపానో లేదో, స్పీడు అందుకుంది. కాళ్ళ కింద నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. లేచాను! అలలన్నీ దాటి లోపలిదాకా వెళ్ళి, తిరిగి, వెనకాల ఒక అల పొంగుతుంటే దాని ముందుకి వచ్చాను. వింగ్‌కి గాలి పట్టకుండా తిప్పి, ఒక్క చేత్తో పట్టుకుని వెనక్కి వదిలేశాను. అంతే, అది ఎండుచేపలా తేలికైపోయింది. నన్ను మోస్తున్నది అల ఒక్కటే. దూరంగా కొండలు, ఎదురుగా ఒడ్డు, కింద నిశ్శబ్దం. ఎవరి బరువూ ఎవరికీ గుర్తులేని చోటది. నేను గట్టిగా అరిచాను. ఏమని అరిచానో నాకే తెలియదు. వీడియోలో మాత్రం "అమ్మా" అని వినబడుతోంది.

ఆ సంతోషంలో దిగడం మరిచిపోయాను. లోతు తగ్గేసరికి కింద ఉన్న కడ్డీ ఇసకలో దిగబడింది, బోర్డు అక్కడే ఆగింది, నేను మాత్రం ఆగలేదు. అయినా పడ్డది ఒడ్డు మీదే! నా అంతట నేనే వచ్చాను! జనం చప్పట్లు కొట్టారు. నేను పడేలోపే ఫోన్ జేబులో పెట్టేసిన బావ ఎగిరి గంతేశాడు. గంతేసి, పడ్డది వీడియోలో రాలేదని తెలిసి మళ్ళీ పడమన్నాడు.

హేమలత వచ్చి చెయ్యందించింది. "అలల బ్యాచ్‌కి వెల్కం అండి. వచ్చే ఆదివారం నుంచి రండి."

"థాంక్స్ మేడమ్! అంతా వింగ్ సైజు మహిమ. తొంభై ఒకటికి కరెక్టుగా సరిపోయింది" అన్నాను, ఇసక ఉమ్ముతూ.

"తొంభై ఒకటి లెక్కన ఇవ్వలేదండి. ఒప్పుకున్నాక కూడా ఒక నాలుగు కేజీలు దాచుకుంటారు మీ మగాళ్ళు. తొంభై అయిదు వేసుకునే ఇచ్చాను" అంది.

నేను సిగ్గుపడ్డట్టు తల దించుకున్నాను. ఇప్పుడే సెలక్ట్ అయినవాణ్ణి, ఆవిడ లెక్క ఇంకా రెండు కేజీలు తక్కువుందని ఎలా చెప్పను?