రంగు పిసినారి లియుద్వికస్

మా లియుద్వికస్ రంగు దగ్గర మహా పిసినారి. వెన్న దగ్గర కాదు, బీరు దగ్గర అసలే కాదు, ఒక్క రంగు దగ్గరే. చర్చి కంచెకు రోడ్డు వైపు మాత్రమే రంగు వేసి, లోపలి వైపు వదిలేశాడు. పాదిరిగారు అడిగితే, "లోపల ఉండేది దేవుడే కదా ఫాదర్, ఆయన పైపూతలు చూస్తాడా?" అన్నాడు. పక్కనే ఆర్గన్ సాధన చేస్తున్న నేను నవ్వాపుకోలేక స్వరం తప్పాను.

మా లిథువేనియా పల్లెలో ఆదివారం పూజ అయ్యాక ఊరంతా చర్చి వెనకే ఉంటుంది. అక్కడ తారు నేల మీద ఒక బాస్కెట్‌బాల్ బుట్ట, దాని కింద తెల్ల గీతల గడి. బంతి తమ జట్టు చేతిలో ఉండగా ఆ గడిలో ఎవరూ మూడు సెకన్లు మించి నిలబడకూడదు. ఏటా మంచు కరిగాక ఆ గీతలకు మళ్ళీ రంగు వేసేది లియుద్వికసే. వేసిన ప్రతిసారీ గడి చిక్కిపోయేది.

"ఏమయ్యా, పోయినేడు వంటగదంత ఉండేది, ఈ ఏడు మంచమంత అయిందేం?" అని అతని భార్య స్తెఫానియా నిలదీసింది.

"రంగు సరిపోలేదే."

"మన గేటుకని తెచ్చిన డబ్బా కూడా పట్టుకుపోయావుగా!"

"అదీ సరిపోలేదే."

"ఇంకో రెండేళ్ళు పోతే అందులో పిల్లి కూడా పట్టదు."

"పిల్లి ఆడదుగా!"

మా జట్టులో అందరికంటే పొడగరి పోవిలాస్. అరవై దాటాయి, మోకాళ్ళు రెండూ మొరాయిస్తాయి. గడిలోకి వెళ్ళాడంటే తిరిగి రావడానికి తీరిక కావాలి. భార్య పోయాక గడప దాటడం మానేసిన మనిషి, ఈ ఆటకొక్కదానికే బయటికి వచ్చేవాడు. కొన్నేళ్ళ కిందట ఒకరోజు మాటిమాటికీ "మూడు సెకన్లు!" అని అరిపించుకుని, బూట్లు విప్పి చంకలో పెట్టుకున్నాడు. "అడ్డం తప్ప ఎందుకూ పనికిరాను" అంటూ ఇంటిదారి పట్టాడు. బతిమాలి వెనక్కి తెచ్చేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది.

మరియమాత పండుగనాడు పూలూ మూలికలూ దీవింపజేసుకున్నాక పక్క ఊరితో పోటీ పెట్టుకున్నాం. పోవిలాస్ గీత ఇవతలే తాపీగా నిలబడి బంతి అందుకోవడం, తిరగడం, బుట్టలో వేయడం. పక్క ఊరి కెప్టెన్ గింటారస్‌కు అనుమానం వచ్చింది. విరామంలో పోవిలాస్ చెట్టు నీడన చల్లటి బీట్‌రూట్ సూప్ తాగుతుంటే, ఇతను బూటు కొనతో నేల గీకాడు. నల్లరంగు పెచ్చులూడి, కింద పాత తెల్ల గీత బయటపడింది.

"పెద్దాయనా, రంగు సరిపోలేదన్నావట. మరి పాత గీతల మీద నలుపు పూసిందెవరు? దీనికి రెండింతల రంగు పట్టి ఉంటుంది!" అని లియుద్వికస్‌ను నిలదీశాడు.

స్తెఫానియా నడుం మీద చేతులు పెట్టుకుంది. "అయితే మన గేటు రంగు ఇక్కడ పడుకుందన్నమాట!"

"నెమ్మదిగా!" లియుద్వికస్ చెట్టు వైపు చూశాడు. "గడి పెద్దదైతే వాడు లోపలికీ బయటికీ ఉరుకుతూ ఉండాలి నాయనా. ఆ మోకాళ్ళతో వాడివల్ల కాదు. ఇంకోసారి 'మూడు సెకన్లు' అని వింటే బూట్లు విప్పేస్తాడు, మళ్ళీ ఇల్లు కదలడు. కొలిపించుకుంటే కొలిపించుకో. వాడి ముందు మాత్రం వద్దు."

"ముందు ఆట కానివ్వండి" అని మాత్రం అన్నాడు గింటారస్.

రెండో సగంలో పోవిలాస్‌కు హుషారు ముదిరింది. ఏకంగా గడి నడిమధ్యకే వచ్చి పాతుకుపోయాడు.

"ఇటు వెయ్యండిరా బంతి!"

మూడు సెకన్లు ఎప్పుడో దాటాయి. మా ఆటలో అంపైర్ ఉండడు, తప్పు చూసినవాడే అరవాలి. అందరం గింటారస్ వైపు చూశాం. నేను మనసులో మరియమాతకు దండం పెట్టుకున్నాను.

గింటారస్ నోరు తెరిచాడు. మూశాడు. కిందికి వంగి బూటు లేసు కట్టుకోసాగాడు. అది చూసి వాళ్ళ జట్టులో ఇంకొకడూ వంగాడు, ఆ వెనక మరొకడు. బంతి బుట్టలో పడేదాకా ఎవరి ముడీ బిగియలేదు.

పోవిలాస్ వాళ్ళందరినీ జాలిగా చూశాడు.

"ఏరా గింటారస్, ఇంత వయసొచ్చింది, లేసు ముడి వేసుకోవడం రాదా?"

"రావట్లేదు బాబాయ్."

"వచ్చే ఏడు కాస్త ముందే రండిరా. కూర్చోబెట్టి అందరికీ నేర్పిస్తాను."