కళ్ళు తెరిచి వేసిన ముడి

కరోనా రెండో అల తగ్గిన వర్షాకాలం. ఉదయం ఆరు పదికి సూరత్ స్టేషన్‌లో దిగాను. సన్నటి వాన. ఒళ్ళంతా జిగట. సంచిలో ఆరు మాస్కులు, రెండు చాపలు, స్టీలు టిఫిను. ఫౌజులో సిపాయి కొలువు వదిలి మూడేళ్ళయినా సామాను సర్దే తీరు మారలేదు.

డ్యూటీ మూడు వారాలు. ఊళ్ళోని బమ్రోలి పేటలో మన తెలంగాణ నేతవాళ్ళు చాలామంది ఆప్తులను పోగొట్టుకున్నారు. వాళ్ళ పక్కన కూర్చోవాలి. పిలిచింది ఒక చిన్న సేవాసంస్థ. అక్కడి కౌన్సెలర్ మేడమ్ సూరత్‌లో పెరిగిన సిరిసిల్ల బిడ్డ. ఆమె ఇచ్చిన ఆర్డరు: "కండ్లు మూసుకొని ఊపిరి మీద ధ్యాస పెట్టమనాలె కాకా. ఎవలకన్న తక్లీఫ్ అయితే వెంటనే బంద్." మొదటి ముక్కే నా చెవికెక్కింది.

మర్నాడు ఎనిమిదింటికి రాజేశం వచ్చాడు. సాంచాలు నడిపే మనిషి. మర మగ్గాన్ని మా వైపు సాంచా అంటారు. ఆక్సిజన్ దొరక్క అతని తమ్ముడు అతని ఒళ్ళోనే పోయాడు. ఇప్పుడు పోగు తెగి సాంచా ఆగితే చాలు, తమ్ముడి ఊపిరి ఆగినట్టే అనిపించి బయటికి పరుగెత్తుతున్నాడు. కార్ఖానా యజమాని శేఠ్ సోమవారం దాకా చూస్తానన్నాడు. తర్వాత పని ఉండదు.

"కళ్ళు మూసుకో. ఊపిరే గమనించు," అన్నాను. మంచు కొండల మీద, సెంట్రీ డ్యూటీలో, నా భయాన్ని అదే అణచింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

నాలుగో ఊపిరికే అతనికి చెమటలు పట్టాయి. "వద్దు సార్. గిది నా ఊపిరి గాదు. తమ్మునిది ఇనవడ్తాంది."

"జర ఓర్చుకో," అన్నాను.

అతను లేచి, గోడ పట్టుకుని, కూలబడి ఏడ్చాడు. మేడమ్ పరుగున వచ్చి అతని పక్కన కూర్చుంది. తర్వాత నన్ను బయటికి పిలిచింది.

"కాకా, గిది కవాతు గాదు. వద్దన్నంక గూడ ఎందుకు ఆపలే?"

సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు వస్తాడనుకోలేదు. వచ్చాడు. "తప్పు నాదే తమ్మీ," అన్నాను. అతను చాప మీద కూర్చున్నాడు. చాప అంచున తెగిన పోగు ఒకటి అతని చేతికి తగిలింది. చూడకుండానే రెండు కొసలు కలిపి ముడి వేశాడు. ముడి ఒక్కసారికే పడింది. మేడమ్ అది చూసింది.

"వేళ్ళకు ఏం తెలుస్తున్నది అన్నా? కండ్లు తెర్సుకొనే చెప్పు."

"పోగు గరుకున్నది. జర తడున్నది. ముడి గీడ పడ్డది."

ఆ రోజు నుంచి రోజూ పది పోగులు. తెంపడం, వేళ్ళకు తెలిసింది చెప్పడం, ముడి వేయడం. ఊపిరి మాటే ఎత్తలేదు. నేనూ వేశాను. నావన్నీ ఊడిపోయాయి.

"తుపాకి పట్టినట్టు పట్టకున్రి సార్," అని మొదటిసారి నవ్వాడు.

సోమవారం ఏడింటికి కార్ఖానాకు వెళ్ళాం. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఇరవై నిమిషాలకు పోగు తెగింది. సాంచా ఆగింది. రాజేశం గుమ్మం వైపు ఒక అడుగు వేసి నన్ను చూశాడు. 'ఆగు' అన్న ఆర్డరు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. పక్కకు జరిగి దారి వదిలాను.

అతను వెనక్కి తిరిగాడు. తెగిన కొసలు వెతికి వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. గరుకున్నది అంటున్నాడో, తడున్నది అంటున్నాడో, మిగతా సాంచాల మోతలో వినబడలేదు. ముడి వేసి హ్యాండిల్ లాగాడు. సాంచా మళ్ళీ ఆడింది.

డ్యూటీ ముగిసి ఇల్లు చేరి చాలా కాలమైంది. కళ్ళు మూస్తే ఇప్పటికీ ఆ రెండు కొసలు కనిపిస్తాయి. అవి కలిసేదాకా నాకు ఊపిరి ఆడదు.