పద్నాలుగు చోట్ల ఒకే మాట

మా చెల్లెలు మరియమ్మ పేరు చర్చి సంఘం పుస్తకంలో ఉంచాలా కొట్టెయ్యాలా అన్నది ఆదివారం తేలాలి. గురువారం నేను హైదరాబాదుకు బయలుదేరింది అందుకే.

గుడివాడ దగ్గర మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచి సంస్కారం ఇచ్చే ఆదివారానికి ముందురోజు సంఘపెద్ద ఇంటింటికీ వెళ్ళి, మనసులో ఏమైనా ఉంటే చెప్పుకోమంటాడు. విన్నదాన్ని బట్టి ఆ బల్ల దగ్గరికి రానిస్తాడు, లేదా ఆపుతాడు. ఆ పెద్దను నేనే. మరియమ్మ భర్త మూడేళ్ళు మంచానపడి పోయాడు. "ఈయన పోతే బాగుండునని ఒక్కోరోజు అనిపించింది అన్నయ్యా" అంది మరియమ్మ. దురాలోచన హృదయంలోంచే పుడుతుందన్న వచనం చూపించి ఆపేశాను. ఏడు నెలలుగా గుడి అరుగు మీదే కూర్చుంటోంది. నేను చేసింది ఎక్కువని కొందరు గొణుగుతున్నారు. బైబిలు గ్రీకు మూలంలో ఆ 'దురాలోచన' అన్న మాట ఎంత బరువైనదో తెలిసినవారిచేత రాయించుకొస్తే ఇక ఎవరూ నోరెత్తరనుకున్నాను.

బెజవాడలో రాత్రి పదకొండున్నరకు ఎక్కిన రైలు శుక్రవారం ఉదయం ఏడుంబావుకు సికింద్రాబాదులో దించింది. ఎనిమిదింటికి తార్నాక బస్సు. మెట్టుగూడలో రైల్వేవాళ్ళు ఎక్కేసరికి నిలబడ్డానికి చోటు లేదు. అలవాటుకొద్దీ తలలు లెక్కపెట్టాను.

"ఏంది పెద్దమనిషీ, చెకింగోనివా?" అన్నాడు కండక్టరు.

"కాదండీ, అలవాటు. యాభై మూడు మంది."

"యాభై నాలుగు! నిన్ను నువ్వు కలుపుకోలే." బస్సంతా నవ్వింది.

తార్నాకలో దిగి విశ్వవిద్యాలయంలోకి నడిచాను. తత్వశాస్త్రం చెప్పే దేవసహాయంగారి గదికి రెండువేల మూడువందల పది అడుగులు. ఆయనదీ కోస్తానే. గ్రీకు చదువుకున్నారు. నా సంగతంతా విని బైబిల్లో ఏ మాట ఎక్కడుందో చూపే లావుపాటి పదసూచిక తీశారు.

"ఈ మాట దియలోగిస్మోస్. ఊరికే తోచి పోయేది కాదండీ. లోపల కూర్చుని అటూ ఇటూ వాదించుకుని తేల్చుకోవడం. ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టండి, మీకు అలవాటేగా."

పద్నాలుగు.

"ఇప్పుడు ప్రతిదాని పక్కనా ఆ ఆలోచన ఎవరిదో రాయండి."

ఆయన చదువుతుంటే రాశాను. నేను తెచ్చిన వచనం అందులో ఉంది, ఆయన కాదనలేదు. మిగతావి చూస్తే, పక్షవాత రోగి ముందు కూర్చుని ప్రభువును లోలోపల తప్పుపట్టినవాళ్ళు. విశ్రాంతిదినాన ఆయన ఎవర్ని బాగుచేస్తాడా అని తప్పెన్నడానికి కాచుకున్నవాళ్ళు. మనలో ఎవరు గొప్ప అని తర్కించుకున్న శిష్యులు. ఉన్నవాడికి మంచి చోటిచ్చి లేనివాణ్ణి నిలబెట్టినవాళ్ళు. వాళ్ళను దురాలోచనలు గల న్యాయాధిపతులంది లేఖనం. విశ్వాసంలో బలహీనుణ్ణి చేర్చుకోండి, వాడి తలంపుల మీద తీర్పుకు కూర్చోకండి అని మరోచోట.

నా పెన్ను ఆగిపోయింది. రోగికి సేవచేసి అలిసిపోయిన ఆడమనిషి పద్నాలుగింటిలో ఒక్కచోటా లేదు.

"ఇదీ చూడండి" అన్నారాయన. "ప్రభువు చనిపోయి తిరిగి లేచాక శిష్యుల హృదయాల్లో ఈ దియలోగిస్మోస్ చూశాడు. ఏం చేశాడు?"

"మేకులు దిగిన చేతులు చూపించాడు."

"తర్వాత?"

తెలుసు. చేపముక్క అడిగి వాళ్ళ ముందే తిన్నాడు. ఒక్కణ్ణీ అరుగు మీదికి పంపలేదు.

"అయ్యా, మీరు కాగితం రాసిస్తారనుకున్నాను" అన్నాను.

"మీరే రాసుకున్నారు గదండీ."

పదకొండూ నలభైకి బయటపడ్డాను. తార్నాక హోటల్లో ప్లేటు ఉప్మా ముందు కూర్చున్నాను. అక్కడిదాకా ఎన్ని అడుగులు వేశానో లెక్కపెట్టలేదని అప్పుడు తెలిసింది. నాకు బుద్ధెరిగాక అలా జరగడం అదే మొదలు.

మధ్యాహ్నం మూడింటికి తిరుగు రైలు. ఈ దారిన వెళ్ళేవారికి చెబుతున్నాను: తార్నాకలో దిగి ఎవరినడిగినా దారి చూపిస్తారు, పావుగంట నడక. అక్కడ దొరికేది వెళ్ళేటప్పుడు అనుకున్నదే అవుతుందని మాత్రం అనుకోకండి.

కాజీపేట దాటాక కాగితం విప్పాను. నన్ను నేను కలుపుకోలేదన్న కండక్టరు మాట గుర్తొచ్చింది. అడుగున పదిహేనో వరస గీసి, 'ఎవరిది' అన్నచోట నా పేరు రాశాను.

శనివారం ఇంటింటికీ తిరగదలచుకోలేదు. మరియమ్మ ఇంటికి ఒక్కదానికే వెళతాను. ఈసారి మనసులో ఉన్నది చెప్పుకోవలసింది నేను. వినవలసింది తను. ఆదివారం నేను బల్ల దగ్గరో, అరుగు మీదో తనే చెప్పాలి.