చీతమ్మధార

మధురవాడలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, నా గదిలోనే ఉంటూ నా ఆఫీసులోనే పనిచేసే రాజు, ఎవరైనా కోడ్ చూసి దిద్దగలిగే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఒకటి పెట్టాడు. ముక్కూమొహం తెలియనివాళ్లు వాణ్ణి పొగుడుతుంటే నాకు అన్నం సహించలేదు. నేనూ ఒకటి మొదలుపెట్టాను. మన యాసలో ‘సేపలు’ అని కొడితే ‘చేపలు’ అని దిద్దే ప్రోగ్రామ్. ‘స’ కనిపిస్తే ‘చ’ చెయ్యమన్నాను, అంతే.

ఆఫీసులో అందరి ముందూ తెరమీద పెడితే, మా మేడమ్ తన పేట పేరు సీతమ్మధార అని కొట్టారు. ‘చీతమ్మధార’ అని వచ్చింది.

"ఏటి బాబూ, మా పేటకి కొత్త పేరెట్టేసావా?" అన్నారు.

అందరూ నవ్వారు. రాజు మాత్రం నవ్వలేదు. దాంతో నాకు ఇంకా మండింది.

"కోడ్ తెరిసే ఉంది కదా బావా, నాను సూత్తాన్లే" అని టీ తాగేలోపు దిద్ది పంపాడు. వాడి దిద్దుబాటుని తిరస్కరించే బటన్ మీద కాసేపు వేలుపెట్టి, చివరికి ఒప్పుకున్నాను.

ప్రోగ్రామ్ బాగుపడింది గాని, నేను బాగుపడలేదు.