అన్న పేరు మీద కప్పు

మా అన్న బాల్ బ్యాడ్మింటన్ బాగా ఆడతాడనే నాచారంలో ఒక ఫ్యాక్టరీ వాళ్లు పనిలోకి తీసుకున్నారు. కప్పు గెలిపిస్తే పర్మనెంట్ చేస్తామన్నారు. గెలిపించాడు. టీమ్ ఫొటో మేనేజరు గదిలోకి ఎక్కింది గానీ, అన్న మాత్రం క్యాజువల్ కూలీగానే ఉండిపోయాడు. వాళ్ల మాట నమ్మి నమ్మి విసిగిపోయి మిలిటరీలో చేరాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో చనిపోయాడు.

మరుసటేడు అదే ఫ్యాక్టరీ అన్న పేరు మీద టోర్నమెంట్ పెట్టింది. బతికున్నప్పుడు ఒక ఉద్యోగం ఇవ్వడానికి చేతులు రానివాళ్లు, చచ్చాక ఇంత పొడుగు వెండి కప్పు చేయించారు. ఉప్పల్‌లో మా ఇంటికి జీపు పంపి, అమ్మను తీసుకొచ్చి స్టేజీ మీద కూర్చోబెట్టారు. పక్కన కూర్చున్న నాకు ఒళ్లు మండిపోతోంది.

కోర్టు చుట్టూ కట్టిన తాడు అవతల, అన్నకు జోడీగా ఆడిన మనిషి నిలబడి చూస్తున్నాడు. అమ్మ అతన్ని గుర్తుపట్టి మేనేజరును అడిగింది.

"గాయన ఆడుతలేడేంది సార్?"

"ఈ పోటీ పర్మనెంట్ వాళ్లకే అమ్మా. అతనింకా క్యాజువల్. రూలు అలా ఉంది."

అమ్మ ఆ తాడు వైపు చూసింది.

"నా కొడుకు మీ కాడ్నే పనిజేసుకుంట బతికుంటే, వాడు గూడ గా తాడు అవుతల్నే నిలవడుతుండె గద సార్" అంది.

మేనేజరు ఫొటోగ్రాఫరును దగ్గరికి పిలిచి, కప్పు తెప్పించి అమ్మ ఒళ్లో పెట్టించాడు.