షమీమ్ ఖాలా తీసిన ఫొటోలు

మా చిన్నప్పుడు తాండూరులో ఎవరింట్లో నిఖా జరిగినా, ఆడవాళ్ల గదిలోకి ఫొటోలు తీసే మగమనిషి అడుగుపెట్టేవాడు కాదు… పరదా అవతలే ఆగిపోవాలి. లోపలికి వచ్చేది మా అమ్మ చెల్లెలు షమీమ్ ఖాలా. మెడలో పాత రేంజ్‌ఫైండర్ కెమెరా, దానికి పెద్ద మూతి లెన్సు…

ఆమె భర్తకి, అదే మా ఖాలూకి, బజార్లో ఫొటో స్టుడియో ఉండేది. ఉన్న ఒక్క ఫ్లాషూ ఆయనతో పాటు మగవాళ్ల వైపే పోయేది. ఖాలాకు మిగిలింది గుడ్డి బల్బు వెలుగు. ఆ లెన్సుకు అదే చాలు.

నాపరాళ్ల గచ్చు మీద మోకాళ్లూని, కెమెరా పైనున్న చిన్న కిటికీలోంచి చూసేది. అందులో ముఖం రెండుగా కనబడుతుందట… లెన్సు తిప్పుతూ ఆ రెండూ ఒక్కటయ్యేదాకా ఊపిరి బిగబట్టేది. టిక్కుమని చిన్న చప్పుడు, అంతే. తల మీద కొంగు జారినా ఎవరూ సర్దుకునేవాళ్లు కాదు. తీసేది షమీమే కదా…

ఫొటోల వెనక మాత్రం స్టుడియో ముద్ర పడేది. ఖాలూ పేరుతో.

మొన్న వికారాబాద్‌లో ఖాలా మనవడు కొత్త స్టుడియో తెరిచాడు. వాడికి నేను ఫుప్పుని, అంటే మేనత్తని. పోయాను. గోడ నిండా ఆ పాత ఫొటోలే, పెద్దవి చేయించి పెట్టాడు. పైన 'మా దాదా కళ్లతో తాండూర్' అని రాయించాడు. దాదా అంటే వాళ్ల తాత, మా ఖాలూ. నాకు ఒళ్లు మండిపోయింది.

ఒక్క ముఖం స్పష్టంగా, చుట్టూ అంతా మసకగా ఉండటం దాదా స్టైలంట… వచ్చినవాళ్లకు వివరిస్తున్నాడు. స్టైలేంటి నాయనా? ఆ వెలుగుకు లెన్సు పూర్తిగా తెరవక తప్పదు. తెరిస్తే ఒక్క ముఖమే దొరుకుతుంది. ఆ ముఖం ఎవరిదో ఎంచుకున్నది మీ దాదీ, మా షమీమ్ ఖాలా.

"గివి మీ దాదీ తీసినయి. దాదా పేరెందుకు పెట్టినవ్?" అని అడిగేశాను.

"అరె ఫుప్పు, దాదీకి కెమెరా ఏడ వస్తది? ఎనక ముద్ర చూడు, దాదాదే."

గోడ మీద మా అమ్మ ఫొటో చూపించాను. జుట్టు విరబోసుకుని, పడీపడీ నవ్వుతోంది. "మీ దాదా ముందట మా అమ్మ గిట్ల కూసుంటదా చెప్పు."

వాడు ఫొటో దగ్గరికి పోయి చూశాడు. మెల్లగా ఖాలా వైపు తిరిగాడు. అవును, ఆమె అక్కడే ఉంది… రిబ్బన్ కత్తిరించమని పిలిస్తే వచ్చి, తను తీసిన ఫొటోల మీద మొగుడి గొప్ప చదువుకుంటూ కూర్చుంది.

"మరి ఎన్నడు చెప్పకపోతివి దాదీ?"

"నన్ను ఎవరడిగిన్రు బేటా?" అంది.

బోర్డు మారుస్తానన్నాడు… మార్చాడో లేదో ఈ వారం పోయి చూస్తాను. మార్చకపోతే నేనే పీకేస్తాను.

ఇప్పుడు ప్లేటు బిర్యానీ ఫొటోకి కూడా కింద పేరు వేసుకుంటున్నాం… అప్పట్లో ఊళ్లో పెళ్లికూతుళ్లందరినీ తీసిన మనిషికి పేరే లేకపోయింది. మీ ఇంట్లో పాత ఆల్బమ్ తీయండి. ఏ ఫొటోలోనూ కనబడని మనిషి ఎవరో చూడండి… తీసింది ఆమేనేమో. బతికుంటే ఇవాళే అడగండి. ఆమె పేరు ఇక్కడ రాయండి, నేను చదువుతాను.